పక్కన కొత్త అపార్టుమెంటు లేస్తుంటే పాత ఫ్లాటు అమ్ముకోవడం ఎలా

నెల్లూరు రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాయడం నా వృత్తి. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ రోజూ నా బల్ల ముందే కూర్చుంటారు కాబట్టి బేరాలు ఎక్కడ కుదురుతున్నాయో, ఎక్కడ చెడుతున్నాయో దగ్గర్నుంచి చూస్తుంటాను. పోయినేడాది మా అక్క ఫ్లాటు నేనే దగ్గరుండి అమ్మించాను. వేదాయపాళెం వైపు, పద్నాలుగేళ్ళ కిందట కట్టిన ఐదంతస్తుల అపార్టుమెంటు. రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు, తూర్పు ఫేసింగు, 1,150 చదరపు అడుగులు. ఆ వీధి చివరే పెద్ద అపార్టుమెంటు ఒకటి లేస్తోంది. మినీ బైపాస్ నుంచి కనుపర్తిపాడు దాకా ఎటు పోయినా హోర్డింగులే. "ఇన్ని కొత్తవి పెట్టుకుని మనది ఎవరు కొంటార్రా?" అని అక్క దిగులు పడింది. ఇద్దరు బ్రోకర్లు 40 లక్షలు దాటదన్నారు. చివరికి 46 లక్షలకు తెగింది. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఆ పద్ధతంతా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కొత్త ఫ్లాటుకు ఉన్న మెరుపు మన ఫ్లాటుకు ఎంత ఖర్చు పెట్టినా రాదు. ఆ పోటీకి దిగి డబ్బు పోగొట్టుకోవద్దు. అయితే కట్టుబడిలో ఉన్న ఇల్లు కొనేవాళ్ళకు లోపల బోలెడు టెన్షన్ ఉంటుంది. ఎప్పటికి పూర్తవుతుంది, అన్నీ కలిపి చివరికి ఎంత తేలుతుంది, నీళ్ళెలా ఉంటాయి, పక్క ఫ్లాట్లలో ఎవరొస్తారు? వీటికి అక్కడ దొరికేది మాట మాత్రమే. మన దగ్గర అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. పాత ఇల్లు అమ్ముడుపోయేది ఈ బలం మీదే. కొనేవాళ్ళు అడగక ముందే ప్రతి అనుమానానికీ కాగితమో, లెక్కో, గోడో చూపించగలగాలి.

ముందు ఫైలు

బోర్డు పెట్టకముందు, బ్రోకరుకు చెప్పకముందు కాగితాలు సిద్ధం చేసుకోండి. కొత్త ప్రాజెక్టులకు బ్యాంకులు లీగల్ ముందే చూసి ఆమోదించి పెట్టుకుంటాయి. కొనేవాళ్ళు జీతం కాగితాలు ఇస్తే లోను త్వరగా తేలిపోతుంది. మన ఫ్లాటు విషయంలో బ్యాంకు వకీలు మొదట్నుంచీ చూసుకుంటూ రావాలి. ఆస్తి అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో చూపే లింకు డాక్యుమెంటు ఒక్కటి దొరక్కపోతే నెల పోతుంది. ఆ నెలలో కొనేవాళ్ళు చల్లబడతారు, లేదా వీధి చివర ఉన్న సేల్స్ ఆఫీసులోకి వెళ్ళిపోతారు. నా బల్ల దగ్గర చెడిన బేరాల్లో చాలావరకు ధర దగ్గర చెడినవి కావు, ఈ ఆలస్యం దగ్గర చెడినవే.

ఫైల్లో ఉండాల్సినవి: ఒరిజినల్ సేల్ డీడ్, ముప్పై ఏళ్ళ వెనక్కి లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఆమోదించిన ప్లాను కాపీ, ఇంటిపన్ను, కుళాయి పన్ను రసీదులు, ఇటీవలి కరెంటు బిల్లు, బాకీలేమీ లేవని అసోసియేషన్ ఇచ్చిన లెటరు. ఈసీ కోసం తిరగక్కర్లేదు. 1983 నుంచి జరిగిన లావాదేవీలు రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటర్లలో ఉన్నాయి, వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. సేల్ డీడ్‌లో పేరు, ఇంటిపన్ను రసీదులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా అన్నది అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరాల్లో ఉన్నా బ్యాంకు వకీలు ప్రశ్న వేస్తాడు.

లోను తీరిపోయిన ఇళ్ళకు ఇంకో చిక్కుంది. బాకీ కట్టేశాం, కాగితాలు తెచ్చుకున్నాం, ఇక పనైపోయిందనుకుంటారు. కానీ లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు పేరున డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్, అంటే ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టిన తనఖా పత్రం, రిజిస్టర్ అయి ఉంటుంది. దాన్ని రద్దు చేస్తూ రిలీజ్ రిజిస్టర్ చేయించకపోతే ఈసీలో ఆ తనఖా అట్లాగే కనిపిస్తుంటుంది. బ్యాంకు మేనేజరు సంతకానికి రావాలి కాబట్టి ఇది ముందే పెట్టుకోవాల్సిన పని. ఇప్పుడే లోను తీర్చే వాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. బాకీ తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు ఒరిజినల్స్ తిరిగి ఇచ్చి తనఖా తీసేయాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అమల్లో ఉంది.

మా అక్క ఫైల్లో అన్నిటికంటే పెద్ద పని వారసుల సంగతి. ఫ్లాటు బావ పేరున ఉంది, బావ లేడు. వీలునామా రాయలేదు. ఇలాంటప్పుడు భార్యాపిల్లలు సంతకాలు చేస్తే చాలనుకుంటారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాళ్ళ ఆస్తికి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. బావ వాళ్ళమ్మ ఆత్మకూరు దగ్గర సొంతూళ్ళో ఉంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఆమె పేరు రాయించి, ఆమె చేత, కూతురి చేత, బయటి దేశంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు చేత అక్క పేరున హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించాం. పిల్లాడు సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడే అందరినీ ఒకేరోజు కూర్చోబెట్టాం. అలా రాలేని వాళ్ళయితే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి.

ఈ విడుదల పత్రం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. అమ్మేవాళ్ళలో ఎన్ఆర్ఐ ఉంటే, వాళ్ళ వాటా మీద కొనేవాళ్ళు చాలా ఎక్కువ టీడీఎస్ (అమ్మేవాళ్ళ తరఫున ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి కట్టాలి. మామూలు జీతగాళ్ళు ఆ మాట వినగానే వెనక్కి పోతారు. అమ్మేది అక్క ఒక్కతే కావడంతో ఆ గొడవ లేకుండా పోయింది.

కాగితాలన్నీ చేరాక, బ్యాంకులకు లీగల్ ఒపీనియన్ ఇచ్చే వకీలు ఒకాయన చేత మేమే డబ్బు కట్టి ఒపీనియన్ రాయించుకున్నాం. కొనేవాళ్ళ బ్యాంకు మళ్ళీ తమ వకీలు చేతే చూపించుకుంటుంది, అది తప్పదు. కానీ చూడ్డానికి వచ్చిన వాళ్ళ చేతిలో ఫైలు పెట్టి "మీ వకీలుకు చూపించుకోండి" అన్నప్పుడు వాళ్ళ ముఖంలో వచ్చే నమ్మకానికి ఆ ఫీజు లెక్కలోది కాదు.

కొత్త ఫ్లాటు అసలు ధర ఎంత

మీరే కొనేవాళ్ళలా వెళ్ళి ఎదురు అపార్టుమెంటు ధరల కాగితం తెచ్చుకోండి. ఎవరి మీదా నిఘా పెట్టడం కోసం చెప్పడం లేదు. మీ ఇల్లు చూడ్డానికి వచ్చే ప్రతి ఒక్కరూ అక్కడికీ వెళ్ళి వస్తారు. వాళ్ళకు తెలిసింది మీకూ తెలియాలి. ప్రాజెక్టు ఎప్పటికి పూర్తి చేస్తామని బిల్డరు రాసిచ్చాడో ఆంధ్రప్రదేశ్ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో ఉంటుంది, అదీ చూసుకోండి.

వీధి చివర 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు చెప్పిన ధర 60 లక్షలు. అక్కతో కూర్చుని ఒక తెల్లకాగితం మీద నేను వేసిన లెక్క ఇది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ 5 శాతం, అంటే 3 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. అది నాలుగున్నర లక్షలు. కారు పార్కింగు, కార్పస్ ఫండ్ (బిల్డింగు నిర్వహణకు ముందే కట్టించుకునే నిధి), కరెంటు కనెక్షను వగైరా విడిగా రెండున్నర లక్షలని ఆ కాగితంలోనే చిన్న అక్షరాల్లో ఉంది. అక్కడికే 70 లక్షలు. బీరువాలు, కిచెన్ కప్‌బోర్డులు, ఫ్యాన్లు, లైట్లు, గీజర్లు, కిటికీలకు దోమ తెరలు పెట్టుకోవడానికి తక్కువలో తక్కువ ఐదు లక్షలు. చేతికి వచ్చేదాకా ఏడాదిన్నర అద్దె నెలకు పదివేల చొప్పున లక్షా ఎనభై వేలు. మొత్తం దాదాపు 77 లక్షలు.

అక్క ఫ్లాటుకు మేం చెప్పిన ధర 48 లక్షలు. రిజిస్ట్రేషన్ 3 లక్షల 60 వేలు. పాత ఇంటికి జీఎస్టీ లేదు. రంగులకు, చిన్న చిన్న మార్పులకు లక్షన్నర వేసుకున్నా 53 లక్షలు. హోర్డింగు మీది ధరతో పోలిస్తే తేడా 12 లక్షలే కనిపిస్తుంది. తాళంచెవి చేతికి వచ్చేసరికి తేలే తేడా 24 లక్షలు. ఈ లెక్క రెండు కాపీలు తీసి పెట్టాం. వచ్చినవాళ్ళకు ఒకటి ఇచ్చి, "ఇంటికెళ్ళి మీ అంకెలతో మళ్ళీ వేసుకోండి" అని చెప్పేవాళ్ళం.

లెక్క మాత్రం నిజాయితీగా ఉండాలి. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే నేల) మన ఊళ్ళలో 90 చదరపు మీటర్ల లోపు ఉన్న ఫ్లాట్లకు జీఎస్టీ 1 శాతమే. కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తర్వాత అమ్మే వాటికి అసలు లేదు. ఎదురు బిల్డింగు ఆ దశలో ఉంటే జీఎస్టీ గీత కొట్టేయండి. ఒక్క అంకె అబద్ధమని తేలితే మీ ఫైలు మొత్తాన్ని అనుమానంగా చూస్తారు.

ధర తర్వాత రెండు విషయాలు అడగందే చెప్పండి. ఒకటి, లోపలి కొలత. కొత్తవాటిలో పెద్ద లాబీ, రెండు లిఫ్టులు, క్లబ్ హౌస్ అన్నీ మన చదరపు అడుగుల్లోనే కలుస్తాయి, గదులు చిన్నవవుతాయి. టేపు పెట్టి మీ గదులన్నీ కొలిచి రాసిపెట్టుకోండి. అక్క హాలు కొత్త ఫ్లాటు హాలు కంటే పొడవు, మొత్తం ఏరియా 50 అడుగులు తక్కువైనా. రెండోది, నేల వాటా. పాత ఐదంతస్తుల బిల్డింగుల్లో ఒక్కో ఫ్లాటుకు విభజించని స్థలం వాటా ఎక్కువ వస్తుంది. అక్క డాక్యుమెంటులో 48 గజాలు. నెల్లూరు అంకణం అంటే 8 గజాలు, 72 చదరపు అడుగులు కదా, ఆ లెక్కన ఆరు అంకణాలు, ఇంచుమించు ఒక సెంటు. కొత్తదాంట్లో నాలుగు అంకణాలే. గోడలు పాతబడినా నేల పాతబడదని మన ఊరి పెద్దవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వేదాయపాళెంలో ఆరు అంకణాలు అనగానే ఒకాయన కళ్ళద్దాలు తీసి డాక్యుమెంటు మళ్ళీ చదివాడు.

ధర ఎంత చెప్పాలన్నది చివరికి మీ నిర్ణయం. నా అభిప్రాయం ఏమంటే, పై లెక్కలో తేడా కనీసం నాలుగో వంతు లేకపోతే కొనేవాళ్ళు కొత్తదాన్ని వదిలి రారు. కొత్త ఫ్లాటు అడుగు ధరతో మీ అడుగులు గుణించి ధర చెబితే ఇల్లు ఏళ్ళ తరబడి బోర్డు మీదే ఉంటుంది. అట్లాగని బ్రోకరు చెప్పిన మొదటి అంకెకు దిగిపోవద్దు. చాలామంది బ్రోకర్లకు బిల్డర్ల దగ్గర కమిషన్ ఎక్కువ వస్తుంది, పాతదాని మీద వాళ్ళకంత పట్టుదల ఉండదు.

ఎక్కడ ఖర్చు పెట్టాలి

మార్బుల్ మార్చడం, ఫాల్స్ సీలింగ్ వేయించడం వద్దు. ఆ డబ్బు ధరలో తిరిగి రాదు. చెమ్మ, నీళ్ళు, కరెంటు, శుభ్రం చూసుకుంటే చాలు.

అక్క రెండో బెడ్‌రూములో బాత్‌రూము పక్క గోడ మీద మోకాలెత్తున మరక ఉండేది. రంగు పెంకులుగా లేచి, వేలితో తాకితే సున్నం రాలేది. రంగులేసే అబ్బాయి పుట్టీ పెట్టి పైన రంగేస్తే కనపడదన్నాడు. వద్దన్నాను. ముందు ప్లంబరును పిలిపిస్తే బాత్‌రూము టైల్సు సందుల్లో నింపిన సిమెంటు పోయి, నీళ్ళు బయటికి పోయే నాని ట్రాప్ చుట్టూ పగులిచ్చి ఉందని తేలింది. ట్రాప్ మార్పించి, సందులకు ఎపాక్సీ వేయించి, గోడ మీది పెచ్చు ఇటుక కనపడేదాకా తీయించి ఆరబెట్టాం. అరచేయి ఆనించి చూస్తే చల్లదనం తగలకుండా పోయాకే మళ్ళీ పూత, రంగు. ముందు, మధ్యలో, తర్వాత ఫోనులో ఫోటోలు తీసి బిల్లుతో సహా ఫైల్లో పెట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్ళను ఆ గోడ దగ్గరికి మేమే తీసుకెళ్ళి చెప్పేవాళ్ళం. దాచిపెట్టిన మరక కార్తీకం వానలకు మళ్ళీ బయటపడుతుంది. బాగుచేయించి చూపించిన మరక ఇంటి మీద నమ్మకం పెంచుతుంది.

నెల్లూరులో కొనేవాళ్ళ మొదటి ప్రశ్న నీళ్ళ గురించే. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, కార్పొరేషన్ నీళ్ళు ఎన్ని గంటలొస్తాయి అని అడుగుతారు. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు (పన్ను టీడీఎస్ వేరు) కొనుక్కుని కుళాయి నీళ్ళలో వాళ్ళ ముందే పెట్టి చూపించండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా తాగొచ్చన్నది భారత ప్రమాణం. మీ అంకె ఎక్కువుంటే ఎక్కువుందని చెప్పి, వాడకానికి ఏది, తాగడానికి ఏది అన్నది వివరించండి. కుళాయిల మీద పేరుకున్న తెల్ల ఉప్పు మాత్రం వెనిగరుతో తోమి తీసేయండి, అది చూస్తే నీళ్ళు ఉన్నదానికంటే చెడ్డవనుకుంటారు. ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మీ వీధిలోకి నీళ్ళొచ్చాయా? వస్తే ఎంతవరకు వచ్చాయో సెల్లారు గోడ మీద చూపించండి. రాకపోతే ధైర్యంగా చెప్పండి. కట్టబోయే బిల్డింగు ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. మన ఊళ్ళో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, వీలైతే ఆ రోజుల్లోనే ఇల్లు చూపించడం మంచిది. ముసురు పట్టినప్పుడు పొడిగా ఉన్న గోడ చూస్తే వేరే మాట అక్కర్లేదు.

మీ ఫ్లాటు అద్దంలా ఉన్నా బిల్డింగు గేటు తుప్పు పట్టి ఉంటే కొనేవాళ్ళ మనసు కిందే మారిపోతుంది. అసోసియేషన్‌తో మాట్లాడి మెట్ల దగ్గర బల్బులు, లిఫ్టు అద్దం, సెల్లారులో పేరుకున్న పాత సామాను, ఓవర్‌హెడ్ ట్యాంకు ఈ నాలుగూ చూసుకోండి. అందరి ఫ్లాట్ల విలువకూ సంబంధించిన విషయం కాబట్టి ఎవరూ కాదనరు. మా వాళ్ళు ముందు గోడకు రంగు కూడా వేయించారు.

వాస్తు గురించి గోడలు పగలగొట్టవద్దు. బాగున్నది చెప్పండి, లేనిది ధరలో చూసుకుంటారు.

హాల్లో బావ ఫోటో దండతో ఉండేది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి మాట తగ్గించేవాళ్ళు, అక్క గమనించింది. ఆ ఫోటోను తన గదిలో పెట్టుకుంది. అడిగిన ప్రతివాళ్ళకూ నిజం మాత్రం చెప్పింది: "ఆయన పోయారు, కూతురు హైదరాబాదు రమ్మంటోంది, ఒక్కదాన్నీ ఉండలేక అమ్ముతున్నాను. ఈ ఇంట్లోనే ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాం." ఎందుకు అమ్ముతున్నారన్న ప్రశ్నకు తడుముకుంటే ఏదో దోషం ఉందనుకుంటారు. వాచ్‌మన్ నోట వినేకంటే మీ నోట వినడమే మేలు.

ఎవరికి, ఎప్పుడు

పాత ఫ్లాటు అందరికీ నచ్చదు, అందరికీ నచ్చనక్కర్లేదు కూడా. వెంటనే చేరాల్సిన వాళ్ళు, అదే వీధిలో ఉండాల్సిన వాళ్ళు, అద్దె, ఈఎంఐ రెండూ మోయలేని వాళ్ళు మన మనుషులు. అందుకే మొదట మీ బిల్డింగులో, పక్క బిల్డింగుల్లో అద్దెకున్న వాళ్ళకు చెప్పండి. స్కూలు గేటు దగ్గర, గుడి దగ్గర, వాకింగ్‌లో కలిసే వాళ్ళకు చెప్పండి. వాచ్‌మన్‌కు చెప్పి, కుదిరితే ఇంత ఇస్తానని ముందే మాట్లాడండి. అక్క ఫ్లాటు కొన్నది రెండు బిల్డింగుల అవతల అద్దెకున్న టీచరు దంపతులు. వాళ్ళ పిల్లల స్కూలు అక్కడికి దగ్గర. కొత్త ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వబోయి ఆగిన వాళ్ళే. ఆవిడ అక్కతో అంది, "ఆంటీ, అది పూర్తయ్యేసరికి మా పెద్దాడు టెన్త్‌కు వచ్చేస్తాడు."

జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ఇల్లు మారాలనుకునే వాళ్ళే ఎక్కువ. లోనుకు, రిజిస్ట్రేషన్‌కు వ్యవధి కావాలి కాబట్టి సంక్రాంతి వెళ్ళగానే అమ్మకానికి పెట్టడం మంచిది. ఆషాఢంలో, మూఢాల్లో చూడ్డానికి వస్తారు గానీ అడ్వాన్సు చేయి దాటదు. ఆ రోజుల్లో ఎవరూ రావడం లేదని ధర తగ్గించవద్దు, శ్రావణం దాకా ఆగండి.

పక్క బిల్డరును తిట్టవద్దు. "అదీ మంచిదే, తొందర లేకపోతే అదీ చూడండి" అనగలిగిన వాళ్ళ మాటకే విలువ.

బేరం, అగ్రిమెంటు

మీరు దిగగలిగిన చివరి అంకె ఇంట్లో అందరూ కలిసి ముందే అనుకోండి. అక్కతో నేను, కోడలు ముందే 45 అని గీత గీసుకున్నాం. బేరం మాట్లాడేది ఒక్కరే ఉండాలి.

ధర తగ్గించేకంటే వస్తువులు ఇవ్వడం మేలు. రెండు ఏసీలు, ఇన్వర్టరు, గీజర్లు, కర్టెన్ రాడ్లు అక్కకు హైదరాబాదులో పనికిరావు. కొత్త ఫ్లాటులో అవన్నీ కొనుక్కోవాలి. వాటిని చేర్చడం వల్లే 44 దగ్గర పట్టుబట్టిన వాళ్ళు 46కు వచ్చారు. ఇచ్చేవన్నీ అగ్రిమెంటులో జాబితాగా రాయించండి. పూజ మందిరం లాంటివి అడిగి ఉంచండి, కొందరికి ఇష్టం ఉండదు.

మొత్తం ధర డాక్యుమెంటులో రాయడం మీకూ వాళ్ళకూ మంచిది. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్లకు ఇంటి విలువలో 80 శాతం దాకా బ్యాంకులు ఇవ్వొచ్చు. డాక్యుమెంటులో విలువ తగ్గిస్తే వాళ్ళ లోనే తగ్గుతుంది. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడుతుంది.

అగ్రిమెంటులో గడువు తేదీ, లోను రాకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో ఎంత తిరిగి ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిది, ఇల్లు ఖాళీ చేసే తేదీ తప్పకుండా ఉండాలి. లోను రాకపోతే అడ్వాన్సంతా మునుగుతుందని రాస్తే కొనేవాళ్ళు భయపడి కొత్తదాని వైపే పోతారు. మేం అరవై రోజుల గడువు పెట్టి, బ్యాంకు కాదంటే పూర్తిగా వాపసు ఇస్తామని రాశాం.

పన్ను, తాళంచెవులు

ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ కోసి మీ పాన్ మీద కడతారు. ప్రభుత్వ మార్కెట్ విలువ కంటే మీ ధర తక్కువైతే, తేడా 10 శాతం దాటినప్పుడు ప్రభుత్వ విలువే మీకు వచ్చినట్టు లెక్కగడతారు. పాత బిల్డింగుల విషయంలో ఇది ముందే చూసుకోవాలి.

24 నెలలు దాటి ఉంచుకున్న ఇల్లయితే లాభం మీద పన్ను పన్నెండున్నర శాతం. 2024 జులై 23కు ముందు కొన్నదైతే ధరల పెరుగుదల సర్దుబాటుతో 20 శాతం లెక్క వేసి, రెంటిలో తక్కువది కట్టొచ్చు. వారసత్వంగా వచ్చిన ఇంటికి మొదట కొన్నవాళ్ళ ధర, వాళ్ళ కాలం లెక్కకొస్తాయి, కాబట్టి పాత సేల్ డీడ్ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఆ లాభంతో రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొంటే, లేదా మూడేళ్ళలో కట్టుకుంటే మినహాయింపు ఉంది. ఆరు నెలల్లోపు 50 లక్షల దాకా నిర్ణీత బాండ్లలోనూ పెట్టొచ్చు. రిటర్ను గడువుకు ఏదీ తేలకపోతే బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. అగ్రిమెంటుకు ముందే ఒకసారి ఆడిటరును కలవండి.

మిగతా డబ్బు డీడీగానో ఆర్‌టీజీఎస్‌గానో అందినట్టు చూసుకున్నాకే వేలిముద్ర. తాళంచెవులూ అప్పుడే. అదేరోజు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి ఇద్దరూ దగ్గర పెట్టుకోండి. మీటరు, ఇంటిపన్ను, కుళాయి పేరు మార్పు దరఖాస్తుల మీద సంతకాలు అక్కడే చేసి ఇచ్చేయండి. ఏసీ, ఇన్వర్టరు వారంటీ కార్డులు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ నంబర్లు ఒక కవర్లో పెట్టి కొనేవాళ్ళకు అందించండి. అసోసియేషన్ రిజిస్టరులో పేరు మార్పించి, ఆ నెల మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో సెక్రటరీ ముందే తేల్చుకోండి.